దుకాణ్ బంద్ చేస్తే చేయండి, బహూ మెహనత్‌ను బూడిద చేయకండి



మన ఇళ్లలో ఈ మధ్య ఒక మాట చాలా తేలిగ్గా వినిపిస్తోంది: "నికాల్ దో, డిలీట్ కర్ దో." బేటీకి రిష్తా కుదిరింది, ఇన్‌స్టాగ్రామ్‌లో అబాయాలు అమ్ముతోంది, ససురాల్ వాళ్లు ఏమంటారో: డిలీట్ కర్ దో. బహూకు నెలలు నిండాయి, ఆర్డర్లు చూసుకునే తాఖత్ లేదు: డిలీట్ కర్ దో. షౌహర్ జిద్దా నుంచి వీసా పంపాడు, ఇక ఇక్కడి దుకాణం ఎవరు చూస్తారు: డిలీట్ కర్ దో. మూడేళ్లో నాలుగేళ్లో రాత్రిళ్లు కూర్చుని కూడబెట్టిన మెహనత్ ఒక్క బటన్‌తో సాఫ్. ఆ తర్వాత అందరూ చాయ్ తాగుతారు. ఏదో ఇల్లు ఊడ్చినట్టు!

నేను సూటిగానే అంటాను. ఇది మాల్ తగలబెట్టడమే. ఆ మాల్ తగలబెట్టేవాళ్లది కాదు గనక ఇది జుల్మ్ కూడా.

దుకాణం మూయొద్దని నేను అనడం లేదు. తిజారత్ అన్నాక తెరవడం ఉంటుంది, మూయడం ఉంటుంది. నడపలేనప్పుడు ఆపడం అఖల్‌మందీ. నా గొడవంతా మూసే తీరు గురించే. షట్టర్ దించడానికీ దుకాణానికి నిప్పు పెట్టడానికీ తేడా తెలియని వాళ్లమైపోయామా మనం?

మంఖాల్‌నే తీసుకోండి. పాతబస్తీ నుంచి చాంద్రాయణగుట్ట, పహాడీ షరీఫ్, తుక్కుగూడ మీదుగా పోతే వస్తుంది. రంగారెడ్డి జిల్లా, మహేశ్వరం మండలం. తల మీద శంషాబాద్ విమానాలు, దగ్గర్లో ఔటర్ రింగ్ రోడ్డు, చుట్టుపక్కల ఫ్యాక్టరీలు, గోదాములు. అమెజాన్ 2017లో శంషాబాద్‌లో 4 లక్షల చదరపు అడుగుల గోదాం తెరిచింది. 2023 జనవరిలో దేశంలో తన సరుకు విమానాల సర్వీసును హైదరాబాద్ నుంచే మొదలుపెట్టింది. ప్రపంచంలోనే పెద్ద ఆన్‌లైన్ దుకాణం మన పొలాల పక్కకు వచ్చి కూర్చుంది.

అదే ఊళ్లో మన బేటీ దుకాణం ఎంతుంటుంది? అల్మారాలో రెండు అరలు, ఒక కుట్టు మిషన్, ఒక ఫోన్. మదీనా, పత్తర్‌గట్టీ నుంచి గుడ్డ తెచ్చుకుంటుంది, అబాయాలు, హిజాబ్‌లు కుట్టి వాట్సాప్‌లో పెడుతుంది, కొరియర్‌లో పంపుతుంది. బోర్డు లేదు, గల్లాపెట్టె లేదు. అందుకేనేమో ఇంట్లోవాళ్ల కళ్లకు అది దుకాణంలా కనిపించదు. "ఫోన్ పట్టుకుని కూర్చుంటది" అంటారు. ఈద్ ఖర్చులు ఆ ఫోన్‌లోంచే వచ్చినా సరే, అది కాలక్షేపమే.

పత్తర్‌గట్టీలో ఒక బట్టల వ్యాపారి దుకాణం ఎత్తేస్తున్నాడనుకోండి. ఏం చేస్తాడు? మిగిలిన థాన్‌లు లెక్కపెడతాడు. ఖాతా పుస్తకాలు కట్ట కట్టి ఇంటికి తీసుకుపోతాడు. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి దగ్గర ఎంత రావాలి, రాసుకుంటాడు. బోర్డు దించి మేడ మీద పెడతాడు, రేపు కొడుకు తెరుస్తాడేమోనని. ఆ పుస్తకాలను పొయ్యిలో పెట్టమని చెప్పే మగాడు మన ఖాందాన్‌లలో ఒక్కడు లేడు. మరి బహూ ఖాతా పుస్తకాలకు ఆ ఇజ్జత్ ఎందుకు లేదు?

"ఖాతా పుస్తకమా? నాలుగు ఫోటోలే గదా!" అంటారు. ఆ నాలుగు ఫోటోల వెనక ఏముందో చెప్పనివ్వండి. ఏ గుడ్డ ఉతికితే రంగు పోయిందో, ఏ గుడ్డ ఎండాకాలం నడిచిందో ఉంది. ఏ హోల్‌సేల్ వాళ్లు మాట మీద నిలబడ్డారో, ఎవరు నమూనా ఒకటి చూపి సరుకు ఇంకోటి పంపారో ఉంది. వందలాది ఆడవాళ్ల కొలతలు ఉన్నాయి: భుజం ఇంత, పొడవు ఇంత, చేతులు ఇంత. రమ్‌జాన్‌కు ఎన్ని రోజుల ముందు ఆర్డర్లు మొదలవుతాయో, ఏ తేదీకి ఆపకపోతే ఈద్ లోపు అందవో ఉంది. "మాషా అల్లాహ్, చాలా బాగా కుదిరింది బాజీ" అని రాసిన ఖాతాదారుల మాటలు ఉన్నాయి. అవి ఏ బ్యాంకూ ఇవ్వని జమానత్. రేపు ఆమె మళ్లీ తెరిస్తే ఇదంతా పెట్టుబడి. ఇది లేకపోతే ఆమె మొదటి రోజు దగ్గరికి తిరిగి వెళ్లాలి. అప్పుడు 22 ఏళ్ల వయసులో చేతులు ఖాళీ, రాత్రిళ్లు మేల్కొన్నది. ఇప్పుడు ఒడిలో ఇద్దరు పిల్లలు.

ఇక అసలు ప్రశ్న. ఆ మాల్ ఎవరిది?

మిలాద్ జల్సాల్లో బీబీ ఖదీజా (ర.అ.) తిజారత్ గురించి గంటసేపు బయాన్ వింటాం. సుబ్హానల్లాహ్ అంటాం. ఇంటికొచ్చి బహూ దుకాణాన్ని ఆమెను అడగకుండానే తీసేయిస్తాం. ఔరత్ కమాయీ ఔరత్‌దే. మెహర్ ఎలా ఆమెదో, ఆమె కుట్టి అమ్మి సంపాదించింది కూడా అలాగే ఆమెది. ఇది ఎవరో కొత్తగా కనిపెట్టింది కాదు, మన పిల్లలకు మదర్సాలో చెప్పేదే. ఆమె నగలు అమ్మాలంటే కనీసం ఒక మాట అడుగుతారు గదా? ఆమె కేటలాగ్, ఆమె పేజీ, ఆమె ఖాతాదారుల లిస్టు కూడా నగలాంటివే. తూకం వేయడానికి వీల్లేదు గనక విలువ లేదనుకోవడం జహాలత్.

"మరి పర్దా సంగతి? పెళ్లయ్యాక అమ్మాయి ఫోటోలు, నంబరు నెట్‌లో ఉండొద్దని అనుకోవడం తప్పా?" అని అడిగే పెద్దలున్నారు. తప్పని ఎవరన్నారు? ఆమెకూ అదే ఇష్టమైతే బేషక్ దాచండి. కానీ దాచడం వేరు, కాల్చడం వేరు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతాను కొంతకాలం ఆపి ఉంచే వెసులుబాటు ఉంది. పేజీ, ఫోటోలు, కామెంట్లు ఎవరికీ కనిపించవు. మళ్లీ లాగిన్ అయితే అన్నీ ఉన్నచోటే ఉంటాయి. అదే డిలీట్ నొక్కితే, మనసు మార్చుకోవడానికి 30 రోజులు. ఆ తర్వాత ఎంత ఏడ్చినా రాదు. పర్దా కావాలంటే మొదటిదానితో దొరుకుతుంది. రెండోదాన్నే ఎంచుకుంటున్నారంటే, మీకు కావాల్సింది పర్దా కాదేమో, ఆమె మళ్లీ తెరవకుండా చూడడమేమో! ఒక్కసారి మీ నియ్యత్‌ను మీరే అడగండి.

పైగా పర్దా పేరుతో హడావుడిగా వదిలేసిన దుకాణమే ఎక్కువ ప్రమాదం. పెళ్లి తర్వాత పాత సిమ్ రీఛార్జ్ చేయరు. కొన్నాళ్లకు ఆ నంబరు బంద్ అవుతుంది, ఆ తర్వాత ఇంకెవరికో పోతుంది. ఖాతాదారులు పాత నంబరుకే "బాజీ, నా సైజు పంపుతున్నా" అని ఫోటో పెడతారు. అది ఎవరి చేతిలో పడుతుంది? వెబ్‌సైట్ పేరు కూడా అంతే. ఏడాది కిరాయి కట్టకపోతే గడువు తీరాక దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. మీ బేటీ పేరుతో నడిచిన దుకాణం చిరునామాలో రేపు జూదం పేజీ తెరుచుకోవచ్చు. ఇజ్జత్ గురించి అంత ఫికర్ ఉన్నవాళ్లు ఈ రెండింటికీ ఏడాదికి అయ్యే ఖర్చు ఎందుకు పెట్టరు? ఒక దావత్‌లో మిగిలి పారబోసే బిర్యానీ ఖరీదు కూడా కాదది.

రెండో ముద్దాయి వేరే ఉన్నాడు. "ఆపా, వెబ్‌సైట్ నేను చేసిపెడతా" అని వచ్చే భాయి. పైసలు తీసుకుంటాడు, దుకాణం కడతాడు. అయితే వెబ్‌సైట్ పేరు తన ఈమెయిల్ మీద కొంటాడు. పాస్‌వర్డ్ తన దగ్గరే పెట్టుకుంటాడు. పేజీకి అడ్మిన్ తానొక్కడే. దుకాణం ఆపేద్దామనుకున్న రోజున ఆయన ఫోన్ ఎత్తడు, ఎత్తితే ఇంకా పైసలడుగుతాడు. ఇల్లు మీకు అమ్మి కాగితాలు తన జేబులో పెట్టుకుపోయిన మేస్త్రీని ఏమంటారు? ఈయన్నీ అదే అనండి. మన మొహల్లా కుర్రాడే, మస్జిద్‌లో పక్క సఫ్‌లో నిలబడతాడు అని మొహమాటపడకండి. తాళాలు తిరిగి ఇవ్వడం అమానత్. ఇవ్వకపోవడం ఖియానత్. మొదటి రోజే రాసుకోండి: పేరు ఆపా ఈమెయిల్ మీద, పాస్‌వర్డ్ ఆపా దగ్గర, అడ్మిన్ ఆపా.

మూడో ముద్దాయి కంపెనీలు. అక్కడ మనం కట్టుకున్నది సొంత ఇల్లు కాదు, కిరాయి గది. ఆ గది నియమాలు యజమానివి. వాట్సాప్ ఖాతాను సుమారు 120 రోజులు వాడకపోతే తీసేస్తారు. గూగుల్ ఖాతాను 2 ఏళ్లు ముట్టుకోకపోతే తీసేయొచ్చని 2023 నుంచి నియమం పెట్టారు. "నేను బ్యాకప్ చేశాను, ఇక వాట్సాప్ డిలీట్ చేస్తా" అనుకునేవాళ్లకు ఇంకో సంగతి. వాట్సాప్ ఖాతాను డిలీట్ చేస్తే ఫోన్‌లో మెసేజ్‌లతో పాటు గూగుల్‌లో దాచిన బ్యాకప్ కూడా పోతుంది. అంటే పెట్టెలో దాచుకున్నామని మురిసిపోతుంటే, ఆ పెట్టె కూడా వాళ్లదే! అందుకే ప్రసవానికి పుట్టింటికి వెళ్లినా, ఉమ్రాకు వెళ్లినా, జిద్దాలో కాపురం పెట్టినా ఆ ఖాతా తెరిచి చూస్తూ ఉండాలి. ఆపిన దుకాణానికి కూడా అప్పుడప్పుడూ తాళం తీసి దుమ్ము దులపాలి.

పెద్ద కంపెనీలు తమ దుకాణాలు మూసినప్పుడు ఏం చేశాయో చూడండి. ఫ్లిప్‌కార్ట్ 2012లో 'ఫ్లైట్' అని పాటల దుకాణం తెరిచి, 2013 జూన్‌లో మూసింది. ముందే తేదీ చెప్పింది. కొన్న పాటలు దించుకోవడానికి ఆగస్టు దాకా వ్యవధి ఇచ్చింది. అదే ఫ్లిప్‌కార్ట్ 2015 డిసెంబరులో ఈ-పుస్తకాలు ఆపినప్పుడు ఖాతాదారులను కోబో అనే ఇంకో కంపెనీకి అప్పగించింది. మైక్రోసాఫ్ట్ 2019లో పుస్తకాల దుకాణం ఎత్తేసినప్పుడు, కొన్నవాళ్ల పుస్తకాలు జులైలో మాయమయ్యాయి, పైసలైతే తిరిగి ఇచ్చింది. కోట్లున్నవాళ్లు కూడా తేదీ చెప్పి, హిసాబ్ తేల్చి మూశారు. పుస్తకాలు కొన్నవాళ్లేమో ఒకటి నేర్చుకున్నారు: తన చేతిలో కాపీ లేని సొత్తు తనది కాదు.

ఈ హిసాబ్ తేల్చడం మన ఆపాల మీద కూడా ఫర్జ్ లాంటి జిమ్మేదారీ. ఇప్పటిదాకా ఇంట్లోవాళ్లను తిట్టాను, ఇప్పుడు బెహనో, మీతో మాట. అడ్వాన్స్ తీసుకుని పేజీ మాయం చేయడం హలాల్ కాదు. ఒక్క అబాయా బాకీ ఉన్నా కుట్టి పంపండి, లేదా పైసలు వాపస్ చేయండి. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, సూరె బఖరాలో 282వది, అప్పుల లావాదేవీలు రాసిపెట్టుకోవడం గురించే. అంత పొడవైన ఆయత్ రోజూ తిలావత్ చేసే ఇళ్లలో ఆర్డర్ల లెక్క వాట్సాప్ చాట్‌లో చెల్లాచెదురుగా పడి ఉండడం షరమ్ కాదా? చాట్ పోతే ఎవరికి ఎంత బాకీ ఉన్నామో మనకే తెలియదు. బాకీ అయితే మాఫ్ కాదు గదా!

ఇంకో అమానత్ ఉంది. ఖాతాదారుల పేర్లు, నంబర్లు, ఇంటి చిరునామాలు, ఒంటి కొలతలు. మిమ్మల్ని బహెన్ అనుకుని ఇచ్చారు. దుకాణం ఆపేటప్పుడు "ఆ లిస్టు నాకిచ్చేయ్, నేను ఫోన్ కేసులు అమ్ముకుంటా" అని దేవర్ అడుగుతాడు. ఇవ్వకండి. పర్దా కోసం పేజీ డిలీట్ చేయించిన ఇల్లే, 300 మంది పరాయి ఆడవాళ్ల నంబర్లు ఒక కుర్రాడి చేతిలో పెట్టడానికి వెనకాడకపోతే దాన్ని ఏమనాలి? 2023 డేటా రక్షణ చట్టం కూడా, ఒక పని కోసం ఇచ్చిన వివరాలను ఆ పనికే వాడాలంటుంది. లెక్కలకు కావాల్సినంత ఉంచుకోండి, తాళం వేసి ఉంచండి. మిగతావి తీసేయండి. డిలీట్ అనే మాటకు సరైన చోటు ఇదొక్కటే.

సర్కారీ హిసాబ్ కూడా మర్చిపోవద్దు. జీఎస్‌టీ నంబరు ఉన్నవాళ్లు దుకాణం ఆపి ఊరుకుంటే ఆ నంబరు తానుగా నిద్రపోదు. అమ్మకాలు సున్నా అయినా రిటర్న్ వేయాలి. వేయకపోతే రోజుకు 20 రూపాయల చొప్పున లేట్ ఫీజు ఎక్కుతుంది. నిజంగా బంద్ చేస్తే ఆర్ఈజీ-16 ఫారంతో రద్దుకు దరఖాస్తు పెట్టాలి. రద్దయ్యాక 3 నెలల్లో జీఎస్‌టీఆర్-10 అనే ఆఖరి రిటర్న్ వేయాలి. లెక్కల పత్రాలు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి. అంటే 6 ఏళ్లు. "డిలీట్ కర్ దో" అన్న మామగారు 5 ఏళ్ల తర్వాత వచ్చే నోటీసుకు జవాబు చెబుతారా? నోటీసు బహూ పేరు మీదే వస్తుంది.

సరే, పద్ధతిగా మూయడం ఎలా? ఒక్క ఇత్వార్ చాలు. వెబ్‌సైట్ షాపిఫైలో ఉంటే సరుకు, ఆర్డర్లు, ఖాతాదారుల లిస్టులు సీఎస్‌వీ ఫైళ్లుగా దించుకోవచ్చు. కానీ జాగ్రత్త: సరుకు ఫైల్‌లో ఫోటోలు ఉండవు, ఫోటోల లింకులే ఉంటాయి. దుకాణం మూసుకుపోతే ఆ లింకులు కూడా చచ్చిపోవచ్చు. ఫోటోలు విడిగా దించుకోవాల్సిందే. వర్డ్‌ప్రెస్‌లో కూడా అంతే. ఎక్స్‌పోర్ట్ నొక్కితే వచ్చే ఫైల్‌లో రాతలు వస్తాయి, ఫోటోలు రావు. డేటాబేస్, అప్‌లోడ్స్ ఫోల్డర్ రెండూ తీసుకోమని ఆ భాయికి చెప్పండి. పైసలిచ్చి నడిపే షాపిఫై దుకాణాన్ని పూర్తిగా మూయకుండా తక్కువ కిరాయితో ఆపి ఉంచే ప్లాన్ ఉంది. కొనుగోళ్లు ఆగుతాయి, లోపలి సామాను ఉంటుంది. కొన్ని నెలల మాటే అయితే అదే మేలు.

ఇన్‌స్టాగ్రామ్‌లో మీ సమాచారం దించుకునే వీలు సెట్టింగ్స్‌లోనే ఉంది. వాట్సాప్‌లో ముఖ్యమైన చాట్‌లను ఎక్స్‌పోర్ట్ చేసి ఈమెయిల్‌కు పంపుకోండి. కేటలాగ్‌లో ఒక్కో సరుకు పేరు, ధర, రాత విడిగా రాసుకోండి. ఫోటోల అసలు కాపీలు దాచండి. వాట్సాప్‌లో పంపుకున్నవి నాణ్యత తగ్గి వస్తాయి. ఇదంతా ఒక పెన్‌డ్రైవ్‌లో, ఒక హార్డ్‌డిస్క్‌లో, ఒకటి ఆన్‌లైన్‌లో పెట్టండి. ఒకటి ససురాల్‌లో ఉంటే ఇంకోటి అమ్మీ ఇంట్లో ఉండాలి. పెట్టాక తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఖాళీ డబ్బాతో సమానం. చివరికి ఖాతాదారులకు ఒక మెసేజ్: ఫలానా తేదీ నుంచి ఆర్డర్లు తీసుకోను, బాకీలుంటే ఈలోగా చెప్పండి, ఇన్షా అల్లాహ్ మళ్లీ కలుద్దాం. ఇజ్జత్‌గా మూయడమంటే ఇది.

"రిజ్క్ ఇచ్చేవాడు అల్లాహ్, ఇంత హైరానా ఎందుకు?" అనే తవక్కుల్ మాట కూడా వస్తుంది. ఒంటెను కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చేయమన్న బోధ అందరం విన్నదే. మీ ప్లాట్ కాగితాల విషయంలో ఈ తవక్కుల్ ఎందుకు కనిపించదు? మంఖాల్‌లో 100 గజాల ప్లాట్ కాగితాలను మూడు జిరాక్స్‌లు తీయించి మూడు ఇళ్లలో దాస్తారు. బహూ నాలుగేళ్ల దుకాణానికి ఒక్క కాపీ అడిగితే తవక్కుల్ గుర్తొస్తుందా?

భాయియో, మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి దుకాణం నడుపుతుంటే మీరు చేయాల్సింది చాలా తక్కువ. మూయాలా వద్దా అనేది ఆమెనే చెప్పనివ్వండి. మూస్తానంటే ఒక ఇత్వార్ పిల్లలను మీరు చూసుకోండి, ఆమె తన సామాను సర్దుకుంటుంది. ఒక హార్డ్‌డిస్క్ కొనివ్వండి. పాత నంబరు రీఛార్జ్ చేయిస్తూ ఉండండి. పాత ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చే ముందు "ఇందులో నీదేమైనా ఉందా?" అని ఒక్క మాట అడగండి.

ఇక రిష్తా మాట్లాడుకునేటప్పుడు అమ్మాయి తరఫువాళ్లు ఇది కూడా మాట్లాడండి. మెహర్ ఎంతో తేల్చుకునే మజ్లిస్‌లోనే, ఆమె దుకాణం ఆపినా నడిపినా అది ఆమెదేనని నలుగురి ముందు అనిపించండి. రుఖ్సతీ నాడు జహేజ్ పేరుతో పంపే సోఫా, ఫ్రిజ్ ఎవరూ అడగకూడదు, మీరూ పంపకూడదు. కానీ ఆమె సొంత సంపాదన, ఆమె ఖాతా పుస్తకం, ఆమె తాళం ఆమె బ్యాగులో ఉన్నాయో లేదో చూసి మరీ పంపండి.